సాయంత్రం క్లాసు వాళ్ళ ఓటు

యూనివర్సిటీలో ఆమెను అందరూ వదిన అనేవాళ్ళు. సాయంత్రం క్లాసుల్లో చేరేనాటికే ఆమెకు ముప్పై దాటి చాలా కాలమైంది. మేడమ్ అంటే లెక్చరర్ అనుకుంటారని, పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, ఎవరో వదినా అన్నారు. అదే స్థిరపడిపోయింది.

పగలంతా కళ్ళద్దాల షాపు వెనక గదిలో ఆమె పని. లెన్సును ఫ్రేము ఆకారానికి అరగదీయాలి, అంచు నునుపు చేయాలి, దీపానికి ఎదురుగా పట్టి చూసి బిగించాలి. చేతుల నిండా తెల్లటి పొడి. ఆ చేతులు కడుక్కుని, బస్సెక్కి, దిగాక పరుగులాంటి నడకతో చరిత్ర క్లాసుకు చేరేది. ఇంట్లో ఉన్నది భర్త, అత్తగారు. భర్త సరుకుల వ్యాను నడుపుతాడు, నాలుగు మాటల పని ఒక తల ఊపుతో సరిపెడతాడు. ఆయన మిగిల్చిన మాటలన్నీ అత్తగారే మాట్లాడేది.

గొడవ లైబ్రరీ దగ్గర మొదలైంది. ఒకరోజు క్లాసు ముందు పుస్తకం కోసం వెళ్తే తలుపుకు తాళం ఉంది. ఇకమీదట చీకటి పడకముందే మూసేస్తారట. సాయంత్రం సిబ్బందిని పొద్దుటి పూటకు మార్చమని అడిగింది విద్యార్థి సంఘమేనని కాపలా మనిషి చెప్పాడు. వదిన నేరుగా సంఘం ఆఫీసుకు వెళ్ళింది.

సంఘం ప్రెసిడెంటును అందరూ మైకు అంటారు. అతని గొంతుకు మైకు అక్కర్లేదు కాబట్టి ఆ పేరు.

"జనరల్ బాడీలో తీర్మానం అయింది వదినా. అందరి ముందూ చేతులెత్తించాం. మీరూ రావాల్సింది," అన్నాడు.

"మధ్యాహ్నం మీటింగ్ పెడితే నేనెలా వస్తాను? షాపులో ఉంటాను కదా."

"మరి అందరికీ కుదిరే టైము మీరే చెప్పండి, అప్పుడే పెడదాం."

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. క్లాసుకు టైమవుతోందని వదిన వచ్చేసింది.

కానీ ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. సంఘంలో ఏ నిర్ణయమైనా మీటింగ్ హాల్లో, ఆ పూట ఉన్నవాళ్ళు చేతులెత్తితే అయిపోతుంది. హాల్లో పట్టేది యూనివర్సిటీలో చిన్న ముక్క. హాలుకు దగ్గరున్న డిపార్ట్‌మెంట్ల వాళ్ళు ముందే వచ్చి కూర్చుంటారు, మిగతావాళ్ళకు మర్నాడు తెలుస్తుంది. ఇందులో ఎవరి కుట్రా లేదు. ఏర్పాటే అలా ఉంది. అందుకే ఎవరినీ తిట్టడానికి వీల్లేక ఆమెకు మరింత ఒళ్ళు మండేది.

సెలవు రోజుల్లో వంటింటి బల్ల మీద కాగితాలు పరుచుకుని కొత్త నిబంధనలు రాసింది. ప్రతి క్లాసు నుంచి ప్రతినిధులు ఉండాలి. వాళ్ళ సభ ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి సాయంత్రం జరగాలి. పెద్ద విషయాలకు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఓటు పెట్టె ఉండాలి. పని చేయని ప్రతినిధిని పంపిన క్లాసే వెనక్కి పిలవొచ్చు.

"చదువుకోమని పంపితే పెత్తనాలు తెచ్చుకున్నావేంటమ్మాయ్," అంది అత్తగారు. అంటూనే గాలికి కాగితాలు ఎగరకుండా గ్లాసు తెచ్చి పెట్టింది.

పాత నిబంధన మార్చాలంటే ఆ హాల్లోనే మూడింట రెండు వంతుల చేతులు లేవాలి. వదిన షాపు యజమానిని బతిమాలి ఒక పూట సెలవు తీసుకుంది. మీటింగ్‌లో ఒక్కో నిబంధనా చదువుతూ, దాని కారణం చెబుతూ, ఎంతకీ ఆపలేదు. ఆమెకు ఆ జబ్బు ఉంది, మొదలుపెడితే వదలదు. ముందు వరసల వాళ్ళు ఆవులించారు. వెనక వాళ్ళు క్లాసులకు లేచి వెళ్ళిపోయారు. ఓటింగ్‌కు వచ్చేసరికి లేచిన చేతులు పావు వంతు కూడా లేవు.

మెట్ల మీద కూర్చుని ఉంటే, తెల్ల కోటులో ఒక సన్నటి అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. కెమిస్ట్రీ ల్యాబ్ నుంచి వచ్చింది.

"వదినా, మీరు చెప్పింది బాగుంది. నేను మాత్రం చెయ్యెత్తలేదు," అంది.

"ఎందుకని?"

"మధ్యాహ్నం ల్యాబ్ మధ్యలో మేమూ రాలేం. ఇవాళ టీచర్ రాలేదు కాబట్టి వచ్చాను. మా సంగతి మీ కాగితాల్లో లేదు. మీరు ఎవర్నీ అడక్కుండా అందరి కోసం రాశారు."

వదిన ముఖం మాడిపోయింది. అందరి మాటా వినాలని చెప్పే నిబంధనలు తనొక్కతే వంటింట్లో కూర్చుని రాసింది.

"రేపు సాయంత్రం మీ ల్యాబ్ దగ్గరకు వస్తాను. నువ్వు నాతో తిరుగుతావా?" అంది.

ఆ ఏడాదంతా ఇద్దరూ కాళ్ళకు చక్రాలు కట్టుకున్నట్టు తిరిగారు. పగలు ఆ అమ్మాయి ఒక్కతే, సాయంత్రం ఇద్దరూ. నోరు కట్టేసుకుని వినడం నేర్చుకోవడానికి వదినకు చాలా కష్టమైంది. మాట మధ్యలో అందుకోబోతే ల్యాబ్ అమ్మాయి మోచేత్తో పొడిచేది. చిన్న డిపార్ట్‌మెంట్ల వాళ్ళు తమకు సమానంగా సీట్లు కావాలన్నారు, పెద్దవాళ్ళు తలల లెక్కన ఉండాలన్నారు. ఎవరికీ పూర్తిగా నచ్చని, అందరూ సరేననగలిగే మధ్య దారి ఒకటి కుదరడానికి నెలలు పట్టింది.

మైకు మాత్రం ఒప్పుకోలేదు. "పెట్టెలో చీటీ వేసి పోతే ఎదురు ప్రశ్న ఎవరు వేస్తారు వదినా? మీటింగ్‌లో అయితే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటాం."

అందులో నిజముందని వదినకు తెలుసు. ఓటుకు ముందు రెండు పూటలా బహిరంగ చర్చ జరగాలని రాసుకుని, "ఒక్క సాయంత్రం మా క్లాసుకు రా బాబూ, ముఖాలు చూద్దువుగాని," అంది.

అతను వచ్చాడు. పనిబట్టల్లోనే వచ్చి కూర్చున్న నర్సులు, గుమాస్తాలు, బూట్లకు సిమెంటు అంటుకున్న మేస్త్రీ. తనెవరో తెలుసా అని నవ్వుతూ అడిగాడు. ఒక్కరికీ తెలీదు. వెనక బెంచీలోంచి నర్సు ఒకామె, "కరెంటు పనికి వచ్చారా? ఆ ఫ్యాను తిరగట్లేదు," అంది. క్లాసంతా నవ్వింది. మైకూ నవ్వాడు గానీ, బస్టాపు దాకా వదిన పక్కనే నడుస్తూ సాయంత్రం క్లాసుల్లో మొత్తం ఎంతమంది ఉంటారని అడిగాడు.

రెండో మీటింగ్‌లో వదిన మాట్లాడలేదు, ల్యాబ్ అమ్మాయి మాట్లాడింది. క్లుప్తంగా చెప్పింది. మైకు మనుషులు కొందరు గోల మొదలుపెడితే అతనే లేచాడు.

"ఆగండి. నన్ను ఎన్నుకున్నామనుకుంటున్నారు మీరు. సగం యూనివర్సిటీకి నేనెవరో తెలీదు. వినండి."

చేతులు లేచాయి. రెండుసార్లు లెక్కపెట్టారు. తీర్మానం గట్టెక్కింది.

కొత్త సభ తొలి నెలల్లోనే లైబ్రరీ మళ్ళీ సాయంత్రాలు తెరిపించింది. అయితే ఆ సభలో వదిన లేదు. సాయంత్రం క్లాసుల ప్రతినిధిగా నిలబడి, ఆ ఫ్యాను నర్సు చేతిలో ఓడిపోయింది. యూనివర్సిటీ అంతా తిరిగే హడావుడిలో సొంత క్లాసుకే సరిగ్గా రాలేదని వాళ్ళు ముఖం మీదే చెప్పారు.

"ఇంత చేస్తే నిన్నే బయట నిలబెట్టారా? విశ్వాసం లేని మనుషులు," అంది అత్తగారు.

"వాళ్ళకు నచ్చినవాళ్ళను ఎన్నుకోమని నేనేగా చెప్పింది అత్తయ్యా."

అలా అన్నది గానీ ఆ రాత్రి భోజనం సగంలోనే లేచిపోయింది. భర్త కంచం తీసి కడిగి, "నర్సు మంచిదేనా?" అని అడిగాడు. ఆయనకది పెద్ద ఉపన్యాసం. "మంచిదే. నాకన్నా తక్కువ మాట్లాడుతుంది," అంది వదిన, నవ్వు ఆపుకోలేక.

డిగ్రీ పూర్తయింది. వదిన అదే షాపులో, అదే వెనక గదిలో ఉంది. మొన్నామధ్య ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు తను అక్కడే రీసెర్చ్ చేస్తోంది.

"వదినా, ఒక మాట. సభ ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి సాయంత్రం అని మీరు రాశారే, దాన్ని తీసేశాం. కొత్త పద్ధతి పెట్టాం."

వదిన చేతిలోని ఫ్రేము పక్కన పెట్టి, కుర్చీ లాక్కుని, ఆ కొత్త పద్ధతేమిటో మొత్తం చెప్పమంది. విని, సెలవుల్లో ప్రతినిధి సీటు ఖాళీ అయితే ఎలా నింపాలో అందులో ఎవరూ ఆలోచించలేదని పట్టుకుంది.

"మీరిప్పుడు స్టూడెంట్ కాదు కదా వదినా," అంది అవతలి గొంతు నవ్వుతూ.

"కాదు. ఓటు లేదు. చెబితే రాసుకుంటావా లేదా?"

రాసుకుంది. తర్వాతి సభలో ఆ సవరణ పెట్టారు, కొంచెం మార్చి ఒప్పుకున్నారు. ఆ మార్పు వదినకు పూర్తిగా నచ్చలేదట.