చెయ్యి పట్టుకోని కండక్టరమ్మ

మనుషులుండని దీవుల్లో పక్షుల్ని చూడ్డానికి ఓడెక్కుతానని మా అక్క అంటే ముందు నవ్వింది నేనే. తర్వాత నవ్వినవాళ్ళందరి మీదా విరుచుకుపడిందీ నేనే. మా అక్కని చూసి నేను నవ్వుతాను, వాళ్ళకేం పని?

అక్క బస్సు కండక్టరు. రిటైరయ్యేదాకా ఒకటే రూటు, డిపో నుంచి ఆసుపత్రికి, ఆసుపత్రి నుంచి డిపోకి. "జన్మంతా తిరుగుతూనే ఉన్నానే, ఎక్కడికీ వెళ్ళింది లేదు," అనేది. ఒకరోజు టీవీలో, బారెడు రెక్కల సముద్రపు పక్షి ఒకటి, మనుషులొచ్చినా బెదరకుండా గూట్లో కూర్చోవడం చూసింది. అంతే, పట్టుబట్టింది. దానికి కాస్త ఎడంగా కూర్చుని రావాలట.

"నీ మోకాళ్ళ సంగతి చూసుకున్నావా అమ్మా?" అన్నాడు కొడుకు.

"ఇన్నేళ్ళూ ఊగే బస్సులో నన్ను నిలబెట్టినవి అవేరా," అంది.

నిజమే. ఒక చేతిలో టికెట్లు, ఒక చేతిలో చిల్లర. సీటుకి నడుం ఆనించి నిలబడటమే తప్ప, కడ్డీ పట్టుకోవడం ఆవిడ ఎరగదు.

ఇక చూడాలి మా ఇంటి భాగోతం. బూట్లకి మట్టి ఉన్నా, బ్యాగు కుట్లలో గడ్డిగింజ ఉన్నా దీవి మీద కాలు పెట్టనివ్వరట. అది అక్కడ మొలిస్తే పక్షుల గూళ్ళకి చేటట. అక్క పిన్నీసు పుచ్చుకుని కుట్టుకుట్టూ గోకింది. పడవలోకి దిగడం అలవాటవ్వాలని హాల్లో స్టూలు మీంచి బట్టలుతికే టబ్బులోకి బూట్లతో దిగడం సాధన చేసింది. పక్కింటావిడ కిటికీలోంచి చూసి ముక్కున వేలేసుకుంది. వేలు అక్కడే ఉంచుకోమని చెప్పి కిటికీ మూసేశాను.

ఆ దీవులకి రేవుండదు. ఓడలోంచి రబ్బరు పడవలోకి దిగి ఒడ్డు చేరాలి. పెద్దవయసు వాళ్ళకి ముందే మా రేవులో పరీక్ష పెట్టారు. పడవాయన చెయ్యి చాచాడు. అక్క ఆ చేతి వంకైనా చూడలేదు. ఊగే పడవలోకి దిగి నిటారుగా నిలబడింది. నేను చప్పట్లు కొట్టబోతుంటే ఫెయిలన్నాడు.

"పడలేదుగా?" అంది అక్క.

"చెయ్యి పట్టుకోనివాళ్ళని దించమమ్మా. వచ్చే ఆదివారం ఇంకోసారి రండి. అప్పుడూ ఇంతే అయితే ఓడలోంచే చూడాలి."

కొడుకు మొహం చేటంతైంది. "దేవుడే ఆపాడు పిన్నీ," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మీ అమ్మ కాళ్ళకి అడ్డం పడటం తప్ప దేవుడికి వేరే పన్లేదా అని అడిగాను.

ఇంటికొచ్చాక అక్క ఏడ్చింది. "జన్మంతా కిటికీలోంచే చూశానే. అక్కడా కిటికీయేనా?"

మర్నాటి నుంచి టబ్బు పక్కన నిలబడి నేను చెయ్యి చాచేదాన్ని. పట్టుకునేది, తీరా కాలు దించేసరికి వదిలేసేది. ఆ చెయ్యి తిన్నగా నడుం దగ్గరికి, లేని టికెట్ల సంచీ మీదికి పోయేది. చిల్లర లేదమ్మా అనేదాన్ని. తిట్టేది.

ఒక సాయంత్రం కొడుకొచ్చాడు. నా నడుం పడిపోయింది, నువ్వు నిలబడరా అన్నాను. మొక్కుబడిగా చెయ్యి చాచాడు.

అక్క స్టూలు మీంచే అడిగింది. "అందిస్తున్నావా, ఆపుతున్నావా? ఆపే చెయ్యైతే నేను పట్టుకోను."

వాడు చాచిన చెయ్యి దించేశాడు. "నువ్వు అక్కడ పడితే నేనేం చెయ్యనమ్మా? భయంగా ఉంది," అన్నాడు.

"భయపడు, వద్దన్లేదు. చెయ్యి మాత్రం గట్టిగా పెట్టు."

పెట్టాడు. ఆ రోజు అక్క టబ్బులోకి దిగాక కూడా వదల్లేదు.

ఆదివారం రేవులో గాలి ఎక్కువగా ఉంది. పడవాయన మణికట్టు దొరకబుచ్చుకుని దిగింది మా అక్క. ఆయన చెయ్యి విదిలించుకుంటూ నవ్వాడు. "పాసయ్యారమ్మా. మరీ అంత భయమేసిందా?"

"పడతానని పట్టుకోలేదు బాబూ," అంది. "దిగనివ్వరని పట్టుకున్నాను."

ఒడ్డు మీద నిలబడ్డ కొడుకు వైపు ఒకసారి చూసింది. తర్వాత పడవ అంచు మీద రెండు దెబ్బలు వేసి, "రైట్ రైట్," అంది.