కచ్చాకుట్టు విప్పని గౌను

భర్త పోయాక టైలరమ్మ ముందుగదిలో మిషన్ వేసుకుని ఒక్కగానొక్క కూతుర్ని పెంచుకొచ్చింది. ఆ పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. నోరు మెదపదని క్లాసులో 'మ్యూట్' అని పేరు పెట్టారు. అది గీసిన బొమ్మలు ఫోన్లో పెడితే ఒక్కరూ లైకు కొట్టరు. మాటిమాటికీ తీసి చూసుకుని, ఫోన్ బోర్లా పడేసేది. మిషన్ దగ్గర కూర్చుని తల్లి అదంతా చూసేది.

పక్కా కుట్టు వేసే ముందు, ఎర్రదారంతో కచ్చాకుట్టు వేసిన గౌను అమరిందో లేదో చూడటానికి ఎవరికైనా తొడిగించినప్పుడు టైలరమ్మ ఫోటో తీసుకుంటుంది. ఊరు మారి వెళ్లిపోయిన ఓ పిల్ల ఫోటో అలాగే ఆమె దగ్గర ఉండిపోయింది. వెనకున్న కర్టెన్ కత్తిరించి, ఆ ఫోటోతో దొంగ అకౌంటు తెరిచింది. 'నీ బొమ్మలు భలే ఉన్నాయి' అని కూతురికి రాసింది. నిమిషంలో జవాబొచ్చింది.

మూడు నెలలు పిల్ల కడుపునిండా తింది, కూనిరాగాలు తీసింది. 'మా అమ్మకి బట్టలు తప్ప మనుషులు కనపడరు' అని కూడా రాసింది. టైలరమ్మ పెడల్ మీద కాలు ఆగిపోయింది. అయినా స్నేహం తెగకూడదని, 'మా అమ్మా అంతే' అని రాసి పంపింది.

ఆ సంబరంలో పిల్ల 'నా బెస్ట్ ఫ్రెండ్' అంటూ ఆ ఫోటోని క్లాసు గ్రూపులో పెట్టేసింది. పొద్దస్తమానం అలాంటి బట్టలే చూసే తల్లీకూతుళ్ల కంటికి అందులో తేడా ఆనలేదు. క్లాసు లీడరు కంటికి ఆనింది.

"ఒసేయ్ మ్యూట్, నీ ఫ్రెండు కచ్చాకుట్టు విప్పకుండానే ఫోటో దిగిందేంటే?"

"చంక దగ్గర గుండుసూది చూడండే!"

"ఆ ఎర్రదారం వాళ్లమ్మదే. నా యూనిఫాంకీ అలాగే వేసింది."

"పాపం! ఫ్రెండుని కూడా వాళ్లమ్మే కుట్టిచ్చిందే!"

సాయంత్రం పిల్ల వచ్చి బ్యాగు దింపకుండానే ఫోన్లో ఏదో కొట్టింది. మిషన్ మీద గుడ్డముక్కల కింద టైలరమ్మ ఫోన్ మోగింది.

"తియ్యమ్మా. నీకే."

'ఉన్నావా?' అని ఉంది.

"ఒక్కదానివే కుమిలిపోతున్నావని తల్లీ..."

"అది ఇన్నాళ్లూ నాకొక్కదానికే తెలుసు. ఇప్పుడు క్లాసంతా తెలుసు."

"తప్పయిపోయిందే."

"ఇవాళ వాళ్లు ఎన్నెన్ని అన్నారో తెలుసా? రోజూ ఆ ఫ్రెండుకే చెప్పుకునేదాన్ని. ఇప్పుడెవరికి చెప్పుకోను?"

"నాకు చెప్పమ్మా."

పిల్ల తల్లిని ఎగాదిగా చూసింది. "నువ్వెవరు?" అంది. లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

టైలరమ్మ 'తలుపు తియ్యి తల్లీ' అని ఆ అకౌంటులోంచే కొట్టింది. పోలేదు; పిల్ల బ్లాక్ చేసేసింది. మళ్లీ కొట్టింది. నాలుగడుగుల్లో తలుపుంది. మూడు నెలలుగా కూతురితో మనసువిప్పి మాట్లాడిందంతా వేళ్లతోనే. మూడోసారీ ఫోన్లోనే కొట్టింది.