ఆఖరు దాకా పోని బెంజమిన్

మా హుజూరాబాద్‌ల కంప్యూటర్ దుకాణం నడిపే బెంజమిన్‌కు ఒకటే పిచ్చి: దేన్నీ ఆఖరు దాకా పోనియ్యడు. సినిమాల క్లైమాక్సుకు ముందే లేస్తడు. చర్చిల అందరు "ఆమెన్" అనకముందే చెప్పులేసుకుంటడు. ఎవలన్న పరీక్ష ఫలితాలకు వస్తే, ఆఖరు లైను రాంగనే మొకం గోడ దిక్కు తిప్పుతడు.

"పాసో ఫెయిలో చెప్పు సారూ!" అని ప్రవళిక అనే పిల్ల ఏడ్చినంత పని చేసింది.

"ఐదు సబ్జెక్టుల దాకా పాసే బిడ్డా. ఆ కింద నువ్వే చదువుకో."

పక్కనే నా ఎరువుల దుకాణం. ఇదేం పిచ్చి అని అడిగితే నాకు పాఠం చెప్పిండు. "తెరిచిన ఫైల్ల కనపడని వేలొకటి ఉంటదన్నా. అదెక్కడుంటే కంప్యూటర్ అక్కడ్నుంచే చదువుతది, అక్కడ్నే రాస్తది. ముందుకు జరపొచ్చు, ఎనుకకు జరపొచ్చు. ఆఖరు దగ్గరికి వచ్చిందంటే మాత్రం ఎనుకకే!"

నాకేం సమజ్ కాలే. యూరియా బస్తాల దిక్కు చూసుకుంట తలూపిన.

మొన్న ఎండకాలం ఒక మిట్ట పగటీలి. బజార్ల మనిషి లేడు, కరెంటు లేదు. బెంజమిన్ షట్టర్ సగం దించి ఉంది. లోపల్నుంచి ఒక గొంతు వచ్చింది.

"అవ్వా, తిన్నవా?"

అది సంపత్ గొంతు. నిరుడు మస్కట్‌ల సచ్చిపోయిన సంపత్‌ది. వాని పెట్టె మోసిన నలుగురిల నేనొకణ్ణి.

"తిన్న కొడుకా," అని ఎవలో జవాబిచ్చిండ్రు.

"ఏం కూర?"

"వంకాయ."

తర్వాత రొప్పుకుంట, "అవ్వా... ఊపిరి..." టక్కున ఆగింది. మళ్ల మొదట్నుంచి, అదే తీరుగ, "అవ్వా, తిన్నవా?"

షట్టర్ కిందికి వంగి చూసిన. చీకట్ల లాప్‌టాప్ ఎలుగు. దాని ముందట స్టూలు మీద సంపత్ తల్లి యాదవ్వ. పక్కన బెంజమిన్, మీటల మీద చెయ్యి పెట్టుకొని.

నన్ను చూసి ఫైల్ ఆపి, బయటికొచ్చి గుసగుసలాడిండు. "సంపత్ ఫోన్ల పంపిన మాటలన్ని ఒక్క ఫైల్ చేసినన్నా. దినాం వచ్చి వింటది. ఆఖర్ల వాడు ఊపిరి ఆడుతలేదంటడు, ఆ మీద నేను గూడ ఇనలే. ఆమె తట్టుకోదు. అందుకే అక్కడికి రాంగనే వేలు ఎనుకకు జరుపుత. ఏడాదాయె. ఇప్పుడు ఏ ఆఖరు చూసినా నా గుండె దడదడ అంటది."

"ఆ ముక్క చెరిపెయ్యరాదు?"

"రాసే వేలు గూడ అదే. జర తప్పితే ఈ ఫైల్ల ఉన్న కొడుకు గూడ పోతడు."

"గుసగుసలెందుకురా? నాకు చెవులున్నయి," అన్నది లోపల్నుంచి యాదవ్వ. "ఆ మాట వాడు పంపిన దినమే విన్న బిడ్డా. నువ్వే ఇనలేక పరేషాన్ అయితున్నవని ఊకున్న. ఇయ్యాల పోనియ్యి. నేను నీ పక్కకున్న గద."

బెంజమిన్ లోపలికి పోయి ఫైల్ మళ్ల నడిపిచ్చి, కండ్లు మూసుకొని మీటల మీంచి చెయ్యి తీసిండు.

"అవ్వా... ఊపిరి ఆడుతలేదే..." దగ్గు. మళ్ల దగ్గు. తర్వాత నవ్వు! "...గీ నర్సమ్మను చూస్తే! మనూరు దిక్కామెనే. పెండ్లయిందట, నా కర్మ! రేపు చేస్త అవ్వా, ఉంట."

బెంజమిన్ కండ్లు తెరిచి లాప్‌టాప్ దిక్కు వంగిండు. "ఇదా పెద్దమ్మా ఆఖరు?"

"ఇదే. ఆసుపత్రి మంచంల పండి గూడ పిల్లనే చూసుకున్నడు దొంగ!" యాదవ్వ ఒళ్లంత ఊగేటట్టు నవ్వింది. "మళ్లొక్కసారి పెట్టు బిడ్డా. ఈసారి నర్సమ్మ కాడ్నుంచే."