కరెంటు తీసి చూశావా?

మొన్న గుడివాడ దగ్గర ఒక రైసు మిల్లుకి వెళ్ళాను. అక్కడ బస్తాలు పేర్చే రోబో ఒకటి పెట్టారు. అలాంటిదే కొనాలనుకుంటున్న వేరే మిల్లువాళ్ళు, వెళ్ళి చూసి రమ్మని నన్ను పంపారు. ఇప్పుడు నా బతుకుతెరువు ఇదే. అమ్మే కంపెనీ మనిషి ఏదో చెప్తూండగా కరెంటు పోయింది. అంతసేపూ చెవుల్లో హోరెత్తిన మిల్లు ఒక్కసారిగా మూగబోయింది. తవుడు వాసన ఒక్కటే మిగిలింది. షెడ్డు వెనక జనరేటరు రెండుసార్లు దగ్గి, మూడోసారి అందుకుంది. కరెంటు పోవడానికీ జనరేటరు అందుకోవడానికీ మధ్య ఉండే ఆ కాసేపూ నాకు ఊపిరాడదు. "ఏంటి సార్, అలా అయిపోయారు?" అన్నాడు కంపెనీ మనిషి. "ఏం లేదండీ, ఏసుపాదం గారు గుర్తొచ్చారు" అన్నాను. ఆయనెవరని అతను అడగలేదు. అడగకపోయినా ఇక్కడ చెప్తాను.

ముందు నా గురించి ఒక మాట. నేను కోతలు కోసేవాణ్ణి. కృత్తివెన్ను చెరువులో పడ్డ ఒక రొయ్య మీసం మీద మా మావయ్య వాళ్ళు వారం రోజులు బట్టలారేసుకున్నారని చెప్పి నలుగురిని నమ్మించినవాణ్ణి. మా పెడనలో దుప్పటి మీద అచ్చేసిన చిలక పక్కింటి జాంపండు కొరికిందని చెప్తే, పిల్లలు కాదు, పెద్దవాళ్ళే దుప్పటి చూపించమన్నారు. నవ్వుతున్న మొహాలు నలుగురివి కనిపిస్తే చాలు, నా నాలుక నా మాట వినదు. అలాంటి నన్ను, మచిలీపట్నం దగ్గర రొయ్యల ప్లాంటులో, మాటని తూకం వేసి పుచ్చుకునే మనిషి కింద పనికి పెట్టారు.

ఏసుపాదం గారిది కోడూరు వైపు. పడవ ఇంజన్లు బాగుచేస్తూ మొదలుపెట్టి, మా ప్లాంటులో మిషన్లన్నిటికీ పెద్ద అయ్యారు. పొట్టి మనిషి. కుర్చీలో కూర్చోగా చూసింది తక్కువ. ఏ మిషను కొనాలన్నా, ఏ కంపెనీ దగ్గర కొనాలన్నా, ఆయన సంతకం పడాల్సిందే. ఒకసారి ఒక పెద్ద కంపెనీ నుంచి టై కట్టుకున్నాయన వచ్చి లాప్‌టాప్‌లో వీడియో పెట్టాడు. రోబో చెయ్యి పెట్టెలు ఎత్తి పేరుస్తోంది, వెనకాల సంగీతం. ఏసుపాదం గారు రెప్ప వెయ్యకుండా చివరిదాకా చూసి, "నేల ఎందుకండీ అంత పొడిగా ఉంది?" అని అడిగారు.

"అది డెమో ఫ్లోర్ సార్."

"మా దగ్గర పొడి నేలంటే క్యాంటీను ఒక్కటేనండీ. క్యాంటీనులో పెట్టుకోమంటారా?"

టై కట్టుకున్నాయన నవ్వబోయి, ఈయన నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. అప్పుడు ఏసుపాదం గారు తన మామూలు ప్రశ్న వేశారు. "మీ మిషను కొని, తర్వాత మీతో మాటలు మానేసినవాళ్ళు ఎవరైనా ఉంటారుగా. వాళ్ళ పేరు ఒకటి చెప్పండి. మెచ్చుకునేవాళ్ళ పేర్లు మీ పుస్తకంలో ఉన్నాయిలెండి." అలాంటివాళ్ళు లేరన్నాడు అతను. కాఫీ ఇచ్చి పంపేశారు. "పేరు చెప్పినవాడితో బేరం మొదలుపెట్టొచ్చు సుందరం. ఎవరూ లేరన్నవాడు మనకి కూడా అదే చెప్తాడు" అన్నారు నాతో.

కొనాలనుకున్న మిషను అప్పటికే నడుస్తున్న ప్లాంటుకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవారు. మేనేజరు గదిలోకి వెళ్ళేవారు కాదు. షిఫ్టు వదిలే వేళకి గేటు బయట టీ బడ్డీ దగ్గర నిలబడి, బయటికొచ్చే ఆడవాళ్ళని పలకరించేవారు. "అమ్మా, మీ మిషను మొండికేస్తే ఏం చేస్తారు?" వాళ్ళు "చెయ్యి పెట్టి లాగుతామండీ" అంటే ఆయన మొహం మాడిపోయేది. ఆ తర్వాతే లోపలికి. అక్కడి పెద్దల్ని బతిమాలో, బామాలో, పని మధ్యలో కరెంటు తీయించేవారు. మిషను ఆగుతుంది. జనరేటరు వస్తుంది. అప్పుడు ఆ చెయ్యి తనంతట తాను కదిలిందా, ఇక ఆ కంపెనీ మొహం చూసేవారు కాదు. ఎవరో ఒకరు బటన్ నొక్కేదాకా కదలకుండా ఉండాలి. "మన దగ్గర కరెంటు రోజూ పోతుందయ్యా. ఆగిన మిషను దగ్గరికి మనిషి వెళ్తాడు. వెళ్ళద్దని బోర్డు రాసినా వెళ్తాడు. అందుకని ఆగింది ఆగినట్టు ఉండాలి" అనేవారు.

ఆ ఏడాది పెట్టెలు పేర్చే రోబో కోసం ఒక కంపెనీని దాదాపు ఖాయం చేసుకున్నాం. ఆ కంపెనీ మిషను ఉత్తరాన ఒక ప్లాంటులో నడుస్తోంది. వెళ్ళే రోజుకి ఏసుపాదం గారి భార్యకి విజయవాడలో ఆపరేషన్ పడింది. "నువ్వెళ్ళు. అన్నిటికన్నా ముందు కరెంటు తీసి చూడు" అన్నారు. వెళ్ళాను. స్టేషన్‌కి కారు పంపారు. పులస కాకపోయినా అంత మర్యాదగా వండిన చేప పెట్టారు. మిషను ముచ్చటగా నడుస్తోంది. కరెంటు సంగతి ఎత్తితే అక్కడి మేనేజరు, "ఇవాళ కంటైనరు వెళ్ళాలండీ, ఇంకోసారి చూద్దురుగాని" అన్నాడు. నేను రెండోసారి అడగలేదు. టీ బడ్డీ దగ్గరికీ వెళ్ళలేదు. ఎండగా ఉంది.

తిరిగొచ్చాక ఏసుపాదం గారు అడిగిన మొదటి ప్రశ్న, "కరెంటు తీసి చూశావా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచాను. ఏం బయటికొచ్చిందో వినండి. "తీయించానండీ! పెట్టె పట్టుకుని పైకెత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆశీర్వాదం ఇస్తూ ఇస్తూ వాక్యం మర్చిపోయిన పాస్టరు గారిలాగ. జనరేటరొచ్చింది, లైట్లొచ్చాయి, జనమంతా ఆమెన్ అనడానికి సిద్ధంగా ఉన్నారు, ఈయన మాత్రం చెయ్యి దించడే! చివరికి ఒకాయన వచ్చి బటన్ నొక్కితే గానీ ప్రార్థన అవలేదు."

ఏసుపాదం గారు నవ్వారు. ఆ నవ్వు నేనెప్పుడూ చూడలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. హాస్పిటల్ చుట్టూ తిరిగి అలిసిపోయిన మనిషిని నవ్వించానని నాకు ఎంత సంబరమో! ఆ సంబరంలో అది అబద్ధమన్న సంగతే తోచలేదు.

రోబో వచ్చింది. బిగించాక చూడాల్సినవాటి కాగితంలో కరెంటు తీసి చూడాలన్న గడి కూడా ఉంది. అప్పటికి సీజను మొదలైంది, కంటైనర్లు గేటు దగ్గర నిలబడ్డాయి. ఆయన కలం ఆపి నా వైపు చూశారు. "ఇది నువ్వు అక్కడ చూసేశావుగా?" "చూశానండీ." సంతకం పెట్టారు. ఒకరి మాట మీద ఆయన పెట్టిన సంతకం నాకు తెలిసి అదొక్కటే.

రోబోను చూసి లైనులో ఆడవాళ్ళు మొదట జంకారు. వాళ్ళ భయం పోగొడదామని నా పాస్టరు గారి కథ వాళ్ళకీ చెప్పాను, ఇంకాస్త ఉప్పూకారం చల్లి. పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచి దాని పేరే పాస్టరు గారు.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం కరెంటు పోయింది. ఒక పెట్టె వంకరగా ఇరుక్కుంది. లైనులో పదేళ్ళుగా పనిచేస్తున్న నాగమణి, రోబో చుట్టూ ఉన్న కంచెలో పెట్టెలు వెళ్ళే సందులోంచి కుడిచెయ్యి లోపలికి పెట్టి దాన్ని సరిచెయ్యబోయింది. జనరేటరు అందుకుంది. రోబో తను మధ్యలో ఆపిన పని పూర్తిచేసింది. నేను ఆ హాల్లోనే ఉన్నాను. ఆ కేక గురించి రాయను. బొటనవేలు తప్ప మిగతా నాలుగు వేళ్ళూ పోయాయి.

సాయంత్రం ఏసుపాదం గారు నన్ను వరండాలోకి పిలిచారు. "కరెంటు తీశావా అక్కడ?"

"లేదండీ."

"మరి ఆ పాస్టరు గారు?"

"కల్పించానండీ."

కొడతారేమో అనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. "బాగా చెప్పావయ్యా. నేను నవ్వాను కూడా" అన్నారు.

వారం తర్వాత యజమాని గదిలో విచారణ. ఎవరు చూసి ఒప్పుకున్నారు అని అడిగారు. "సంతకం నాదండీ. నా కళ్ళతో చూడకుండా పెట్టాను" అన్నారు ఏసుపాదం గారు. ఎవరి మాట నమ్మి పెట్టారని మళ్ళీ అడిగితే, "సంతకం నాదని చెప్పానుగా" అన్నారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. అడక్కపోయినా లక్ష మాటలు చెప్పే నోరు. ఒక్క మాట చెప్పలేదు. ఆయన్ని పనిలోంచి వెళ్ళిపొమ్మన్నారు.

బయటికొచ్చి బండి స్టార్ట్ చేసి, "ఎక్కు" అన్నారు. నాగమణి వాళ్ళ ఊరికి తీసుకెళ్ళారు. ఆవిడ హాస్పిటల్ నుంచి వచ్చి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. చెయ్యి దుప్పట్లో ఉంది. "ఆ గదిలోవాళ్ళకి నా సంతకం చాలు. ఈవిడకి మాత్రం నువ్వే చెప్పాలి" అన్నారాయన.

చెప్పాను. అలంకారాలేమీ లేకుండా ఒక సంగతి చెప్పడం నా జీవితంలో అదే మొదలు. నాలుగు మాటల్లో అయిపోయింది. నాగమణి నా మొహంలోకి చూసింది.

"కరెంటు పోయినప్పుడు లైనులో నా పక్కనుండే మాణిక్యం అరిచిందండీ, చెయ్యి పెట్టమాకే అని. నేనే అన్నాను, పాస్టరు గారు కదలడే, సుందరం గారు చూసొచ్చారుగా అని. నవ్వుకుంటానే పెట్టానండీ."

తిట్టలేదు. ఏడవలేదు. మంచినీళ్ళు తాగుతారా అని ఏసుపాదం గారిని అడిగింది, నన్ను అడగలేదు.

దారిలో ఆయన బండి ఆపి, వెనక్కి తిరక్కుండా ఒక్క మాట అన్నారు. "ఇక నుంచి ఎక్కడికెళ్ళినా, చూడనివి ముందు రాయి." తర్వాత వారానికి నేను యజమానికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను. నా ఉద్యోగం పోయింది. దాంతో ఆయన ఉద్యోగమేమీ తిరిగి రాలేదు, నాగమణి వేళ్ళూ రాలేదు. ఆయన కోడూరు వెళ్ళిపోయి, రొయ్యల చెరువుల మోటార్లు బాగుచేసుకుంటూ ఐదారేళ్ళు బతికారు. రెండుసార్లు వెళ్ళి కలిశాను. బాగానే మాట్లాడారు. కథ చెప్పమని మాత్రం అడగలేదు.

కోతలు నేను పూర్తిగా మానలేదు. పెళ్ళిళ్ళలో, బస్సుల్లో ఇప్పటికీ కోస్తాను. మిషను చూడ్డానికి వెళ్తే మాత్రం ముందు చూడనివాటి కాగితం రాస్తాను. కరెంటు తీయనివ్వలేదు. ఫలానా మనిషితో మాట్లాడనివ్వలేదు. తడి నేల మీద చూడలేదు. కొనేవాళ్ళకి ఇచ్చి ఊరుకోను. ఆ మిషను పక్కన నిలబడబోయేవాళ్ళని ఒకచోట చేర్చమని, వాళ్ళకి పైకి చదువుతాను. చదవడం నాకు చేతకాదు. గొంతు తేలిపోతుంది, చప్పగా ఉంటుంది. మధ్యలో ఎవరైనా నవ్వితే ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదువుతాను.