రేలీన్ పైబస్‌కు ఉద్యోగం వచ్చిన దారి

రేలీన్ పైబస్ ఆస్ట్రేలియాలోని బర్నీ ఊళ్లో పడవల కర్మాగారం క్యాంటీన్‌లో ఇరవై ఆరేళ్లు వండింది. కర్మాగారం మూతపడ్డ రోజు కూడా నూట పది మందికి వండిపెట్టి, గిన్నెలు తోమి బోర్లించి మరీ ఇంటికొచ్చింది. అప్పటికామెకు యాభై ఎనిమిదేళ్లు.

నిరుద్యోగ భృతి కావాలంటే నెలకు ఇరవై దరఖాస్తులు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నారు. ఉపాధి కేంద్రంలో డేమియన్ అనే కుర్ర ఉద్యోగి ఆమెకు కంప్యూటర్ ముందు పాఠం చెప్పాడు. రేలీన్ ఒక్క వేలితో, కోడి గింజలు ఏరుకున్నట్టు ఒక్కో అక్షరమే నొక్కేది. మొదటి నెల పదకొండు దగ్గర ఆగిపోయింది. ఆ చుట్టుపక్కల వంట పనులు అన్నే ఉన్నాయి.

"ఏదో ఒకటి నొక్కేయండి. ఇదిగో, క్రేన్ డ్రైవర్ కావాలట" అన్నాడు డేమియన్.

"నాకు క్రేన్ తోలడం వచ్చా బాబూ?"

"రాదు. అయినా వాళ్లు పిలుస్తారా ఏంటి?"

అతని మాట పొల్లుపోలేదు. ఎవరూ పిలవలేదు. ఏడు నెలల్లో నూట నలభై దరఖాస్తులు పెట్టింది. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అన్న జవాబులు మాత్రం ఠంచనుగా వచ్చేవి. మొదట్లో ఒక్కోటీ రెండుసార్లు చదివి, తనలో ఏం లోపముందోనని బాధపడేది. తర్వాత చదవడం మానేసింది.

వాళ్ల పెద్దమ్మ ఐవీ ఊరి చివర వృద్ధాశ్రమంలో ఉండేది. రెండు నెలల క్రితం అక్కడి వంటవాడు మానేశాడు. అప్పట్నుంచీ డబ్బాల్లో గడ్డకట్టిన కూడు వ్యాన్‌లో వచ్చేది. పెద్దమ్మ చిక్కిపోతోందని రేలీన్ ఒకరోజు గొర్రె కాళ్లు, బార్లీ వేసి సూపు కాచి తీసుకెళ్లింది. వాసనకు పక్క గదుల వాళ్లంతా చేతికర్రలు టకటకలాడిస్తూ వచ్చేశారు. మర్నాటి నుంచి జీతం లేకుండానే రోజూ ఆశ్రమం వంటింట్లో పొయ్యి వెలిగించేది.

తొంభై ఏళ్ల ఆర్చీ గిన్నె నాకేసి, "పిల్లా, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అనడిగాడు.

"నీ మూడో పెళ్లాం ఏమంటుందో కనుక్కుని రా, ముసలాడా!" అంది రేలీన్.

ఆశ్రమం మేనేజరు ఫిలిప్పా కూడా రెండు గిన్నెలు తాగి, "నువ్విక్కడే చేరిపో రేలీన్. వంటమనిషి దొరక్క చస్తున్నా" అంది.

"రేపే చేరతా."

"అలా కుదరదు. ఆన్‌లైన్‌లో పెట్టాలి. మెల్‌బోర్న్‌లోని మా హెడ్డాఫీసు వాళ్లు వడపోసి పంపినవాళ్లనే తీసుకోవాలి నేను. ఇప్పటిదాకా ఒక్కణ్ణి పంపారు. దేశానికి ఆ చివర పెర్త్‌లో ఉంటాట్ట, పొరపాటున నొక్కాట్ట."

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని దరఖాస్తు నింపారు. వంటలో డిప్లొమా ఉందా అన్న ప్రశ్న వచ్చింది.

"ఉందని నొక్కేయ్" అని గుసగుసలాడింది ఫిలిప్పా.

"లేనిది ఉందని ఎలా నొక్కను? మా అమ్మ నేర్పింది, క్యాంటీన్ నేర్పింది. అది రాసే చోటేదీ?"

చోటు లేదు. రేలీన్ 'లేదు' నొక్కింది. ఫిలిప్పా టీలో చక్కెర కలిపేలోగా ధన్యవాదాలు వచ్చేశాయి. మరో నిమిషానికి ఫిలిప్పాకూ మెయిల్ వచ్చింది: ఈ వారం కూడా తగిన అభ్యర్థులు లేరని. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నవ్వాలో ఏడవాలో రేలీన్‌కు తెలియలేదు.

ఫిలిప్పా కాసేపు పెన్ను కొరికి, "తోటమాలిని మాత్రం నా సంతకంతోనే పెట్టుకోవచ్చు" అంది.

అలా రేలీన్ కాగితం మీద తోటమాలి అయింది. మెల్‌బోర్న్ నుంచి రబ్బరు బూట్లు, కొమ్మలు కత్తిరించే కత్తెర పంపారు. కంచె మొక్కల కత్తిరింపు మీద ఆన్‌లైన్ పరీక్ష పెడితే నూటికి తొంభై ఆరు తెచ్చుకుంది. పొద్దున ఆరింటికి మాత్రం ఉల్లిపాయలు తరిగేది. ఫిలిప్పా పెట్టిన వంటమనిషి ప్రకటన ఇప్పటికీ తెరమీద అలాగే ఉంది.

డేమియన్ తన లెక్కల్లో ఉద్యోగం ఎలా వచ్చిందో రాయాల్సి వచ్చింది. జాబితాలో 'ఆన్‌లైన్ దరఖాస్తు' తప్ప మరో జవాబు లేదు. అదే నొక్కాడు. నెల తిరక్కుండా ఉపాధి కేంద్రం గోడ మీద రేలీన్ ఫొటో వెలిసింది. 'పట్టుదలతో నూట నలభై ఒక్క దరఖాస్తులు! మీరూ సాధించగలరు!' అని కింద పెద్దక్షరాలు.

ఆ ఫొటో చూసి, సూపర్‌మార్కెట్‌లో ఒకావిడ రేలీన్ ట్రాలీకి అడ్డం నిలబడింది. ఆర్నెల్లుగా దరఖాస్తులు పెడుతోందట. "నాకూ కాస్త చెప్పమ్మా, అందులో ఏం రాశావ్?"

రేలీన్ ఉన్నదున్నట్టు చెప్పింది. వంట పనికి పెడితే వద్దన్నారని, తోటపనికి అసలు పెట్టలేదని, తోటమాలిగా చేరి వంట చేస్తున్నానని.

ఆవిడ చివరిదాకా విని మొహం ముడుచుకుంది. "చెప్పడం ఇష్టం లేకపోతే లేదనొచ్చుగా" అని చరచరా వెళ్లిపోయింది.