వెంట మనిషి

పాలమూరులో నన్ను చేర్చుకున్న దవాఖానలో తాగుడు మాన్పించే గది మగవాళ్లకే ఉండేది. ఆడవాళ్లు తాగరని ఎవరో పెద్దమనిషి అనుకుని ఉంటాడు. ఆయన మా కోస్గి వైపు ఎన్నడూ రాలేదేమో! పొద్దుగూకితే మా ఇంట్లో నాయిన, అమ్మ, నేను ముగ్గురం కల్లు సీసాల ముందే కూర్చునేవాళ్లం. పగలంతా కూలి చేసిన ఒంటికి అదే మందు. అందులో మత్తుకోసం తెల్ల పొడి కలుపుతారని మాకు తెలియక కాదు. కలపని కల్లు మాకు ఎక్కేది కాదు.

ఆ పొడే నన్ను పట్టించింది. నేను సీసాలు కడిగే కల్లు దుకాణం యజమాని ఒకనాడు పొడి పొట్లాలు నా గంపలో పెట్టి, పక్క ఊళ్లో ఇచ్చి రమ్మన్నాడు. బస్టాండులో అబ్కారీ వాళ్లు గంప దింపించారు. తిలా పాపం తలా పిడికెడు అంటారు. నా విషయంలో ఆ సామెత కూడా అబద్ధమే అయింది. యజమాని పేరు ఎక్కడా రాలేదు, మత్తుమందు కేసు నా ఒక్కదాని మీదే పడింది. తొంభైల మొదట్లో సంగతి ఇది. అప్పటికి నాకు ఇరవై కూడా నిండలేదు.

బెయిలు దొరికాక వకీలు ఒక మాట చెప్పాడు.

“దవాఖానల ఉండి మానుకున్నవని డాక్టర్ రాసిస్తే జడ్జి సాబ్ జర దయ జూస్తడు. లేకుంటే జైలే బిడ్డా.”

మగవాళ్ల గదిలో పెట్టలేక డాక్టరు నాకు బాలింతల వార్డులో కిటికీ పక్కన మంచం ఇచ్చాడు. ఒక్కటే షరతు, వెంట మనిషి ఉండాలి. కల్లు ఆగితే ఫిట్స్ వస్తాయి, పట్టుకునేవాళ్లు కావాలి. “రేపు మీ అమ్మను తోలుతా,” అని నాయిన నన్ను దింపి బస్సెక్కాడు.

మర్నాడు అమ్మ రాలేదు. చేతులు వణికి నీళ్ల గ్లాసు పక్క మీద ఒలికింది. అన్ని మంచాల దగ్గరా ఎవరో ఒకరు తల దువ్వుతూనో, జావ తాగిస్తూనో ఉన్నారు. నాది కేసని తెలిశాక పక్క మంచం బాలింత పసిపిల్లను అటు వైపు తిప్పి పడుకోబెట్టింది. ఆమె తప్పేమీ లేదు. కానీ నాకు ఏడుపు ఆగలేదు.

ఆ మరునాడు మధ్యాహ్నం అమ్మ వచ్చింది. సంచిలో జొన్నరొట్టెలు, వాటి కింద పాత చీర పేలికలో చుట్టిన కల్లు సీసా.

“ఎట్లెండిపోయినవ్ బిడ్డా! గీ గోలీలతోటి ఏమైతది? జరంత తాగు, వణుకుడు ఆగుతది.”

ఆమెలో కల్మషం లేదు. వణుకుకు మా ఇంట్లో తెలిసిన వైద్యం అదొక్కటే. వాసనకు నా నోట్లో నీళ్లూరాయి. అప్పుడే సీసా మూతి గుడ్డ లాగుతున్న అమ్మ చేతులు చూశాను. అవీ వణుకుతున్నాయి.

“రాత్రికి ఉంటవా అమ్మా?”

“ఉంటే నా గతేంది బిడ్డా? ఈడ తాగనిస్తరా?”

నాకు ఒళ్లు మండింది. ఎవరి మీదో నాకే తెలియలేదు.

“సీసా తీస్కొని పో అమ్మా. ఎవ్వలన్న జూస్తే నన్ను ఎల్లగొడతరు.”

“ఊరంతా ఒక దారైతే ఉలిపికట్టెదొక దారన్నట్టు, నువ్వొక్కదానివే మానుతవా?” అని అమ్మ కళ్లు తుడుచుకుంటూ లేచింది.

కిటికీలోంచి చూశాను. గేటు పక్కన గోడ కింద కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకుని సీసా ఎత్తింది. కాసేపటికి లేచి, నా కిటికీ వైపు చెయ్యి ఊపింది. ఆ చెయ్యి వణకలేదు.

సాయంత్రం సిస్టర్ వచ్చి అడిగింది. “నీ ఎంట మనిషేది?”

“చాయ్ తాగనీకి పోయింది సిస్టర్. వస్తది.”

మర్నాడూ అదే చెప్పాను. తర్వాత ఆమె అడగడం మానేసింది. ఫిట్స్ వచ్చినప్పుడు తనే పట్టుకునేది.

డాక్టరు కాగితం రాసిచ్చిన రోజు, “తీస్కపోనీకి ఎవరొచ్చిండ్రు?” అంది సిస్టర్.

“గేటు కాడ మా అమ్మ ఉన్నది,” అని సంచి తీసుకుని బయటికి నడిచాను. గోడ కింద ఎవరూ లేరు. అయినా కోస్గి బస్సు వేళయ్యేదాకా అక్కడే నిలబడ్డాను.