గిరిజ వెనక్కి తీసుకున్న సంతకం

ఇంగ్లీషు దేశంలో హేస్ అనే ఊళ్లో కాలవ ఒడ్డున ఉన్న లాండ్రీలో గిరిజ పదకొండేళ్లు పనిచేసింది. ఆసుపత్రుల బట్టలు ఉతికే లాండ్రీ అది. జగిత్యాల నుంచి భర్త వెంట వచ్చిన మనిషి. భర్త పోయాక ఒక్కగానొక్క కూతురు హాసినిని ఆ ఆవిరిలో పనిచేస్తూనే పెంచి పెద్ద చేసింది. మడతలు పెట్టే బల్ల దగ్గర మొదలుపెట్టి, మాసిన బట్టలు వేరుచేసే సెక్షన్‌కు సూపర్‌వైజర్ అయింది. ఒకరితో మాట పడలేదు, ఒకరిని మాట అనలేదు. అలాంటి గిరిజ, ఒకడు కూలిపోవడం చూడాలని రెండేళ్లు కాచుకుని కూర్చుందంటే, ఎరిగినవాళ్లు ఇప్పటికీ నమ్మరు.

ఆ ఒకడు లాండ్రీ మేనేజర్ భానుప్రకాష్. అతనిదీ జగిత్యాల పక్కనే. గిరిజకు ఆ పని ఇప్పించింది అతనే. దగ్గర్లోని హారో తెలుగు సంఘంలో పెద్దమనిషి, బతుకమ్మ పండగకు మైకు వదలడు. గిరిజను 'అక్కా' అని తప్ప పిలిచేవాడు కాదు.

2020 మార్చిలో కరోనాతో ఆసుపత్రుల నుంచి ఎర్ర సంచులు వెల్లువలా రావడం మొదలైంది. అంటురోగుల బట్టలు వచ్చే సంచులవి. పైన ఎర్ర సంచి, లోపల వేడినీళ్లలో కరిగిపోయే పల్చటి సంచి. ఆ లోపలి సంచిని విప్పకుండా అలాగే మెషీన్‌లో వేయాలి. వారానికి పది వచ్చేవి కాస్తా రోజుకు రెండు వందలయ్యాయి. హడావిడిలో నర్సులు వదిలేసిన కత్తెరలు, థర్మామీటర్లు బట్టలతోపాటు వచ్చి మెషీన్లో పడ్డాయి. ఒక మెషీన్ డ్రమ్ము చిరిగి రెండు రోజులు ఆగిపోయింది. మర్నాడు ఉదయం భానుప్రకాష్ అందరినీ నిలబెట్టి చెప్పాడు, ఇకమీదట ఎర్ర సంచులు కూడా విప్పి, చేత్తో వెతికి, ఆ తర్వాతే మెషీన్‌లో వెయ్యాలని.

గ్లవ్స్ అప్పటికి వారం నుంచి లేవు. మాస్కుల ఊసే లేదు.

అందరూ నేలచూపులు చూశారు. ఒక్క ఇబ్తిసాం మాత్రం చెయ్యెత్తింది. నలభై ఏళ్ల పాలస్తీనా మనిషి, ఊరు తుల్‌కరెం. గిరిజ సెక్షన్‌లోనే ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఆ లాండ్రీలో తలా ఒక దేశం, అందరికీ కలిసేది ఇంగ్లీషే. ఆ వచ్చీరాని ఇంగ్లీషులోనే ఆమె తొణక్కుండా అంది: "దీన్ని విప్పకూడదని దీని మీదే రాసుంది. చదవడం నాకు వచ్చు."

"లోపల ఉన్నవి దుప్పట్లమ్మా, బాంబులు కావు. మీవాళ్లకు అన్నీ అలాగే కనిపిస్తాయి" అన్నాడు భానుప్రకాష్. ఇద్దరు ముగ్గురు నవ్వారు. గిరిజ నవ్వలేదు. ఎవరికి ఏ పని అని రాసే రోటాలో, సంచులు విప్పేవాళ్ల పేర్లు నింపింది.

ఆ మధ్యాహ్నం టీ తాగుతూ ఇబ్తిసాం తన అన్న నిదాల్ సంగతి చెప్పింది. అతను తెల్లారుజామునే సరిహద్దు చెక్‌పోస్టు దగ్గర బారులో నిలబడి, అటువైపు మేస్త్రీ పనికి వెళ్తాడు. జబ్బు వ్యాపించాక కాంట్రాక్టరు ఇంటికి పోనివ్వడం లేదు. తలుపుల్లేని కట్టడంలోనే పడుకోమన్నాడు. పక్కన పనిచేసేవాడికి జ్వరం వస్తే పరీక్ష లేదు, మందు లేదు. బండిలో తెచ్చి చెక్‌పోస్టు దగ్గర దింపేసి పోయారు.

"గోడ లేవాలంటే మా అన్న అత్యవసరం. జ్వరం వస్తే అతనెవరో వాళ్లకు తెలియదు" అంది ఇబ్తిసాం. "రోజూ ఫోన్ చేసి చెప్తాను, మాస్కు అడుగు, భయపడకు అని. అక్కడ అతన్ని అడగమని, ఇక్కడ నేను నోరు మూసుకుంటే ఏ మొహంతో మాట్లాడాలి?"

గిరిజ ఆ మాటలన్నీ విన్నది. సంచులు మాత్రం విప్పించింది. ఇబ్తిసాం రోజూ అడుగుతూనే ఉంది, రోజూ వట్టి చేతులతో విప్పుతూనే ఉంది. మానేస్తే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఏప్రిల్ మొదటి వారంలో భానుప్రకాష్ గిరిజను ఆఫీసు గదిలోకి పిలిచాడు. బల్ల మీద ఒక కాగితం ఉంది. మార్చి ఒకటి నుంచి ప్రతి కార్మికుడికీ రోజూ గ్లవ్స్, మాస్కు అందాయని, ఎర్ర సంచులు ఎవరూ విప్పలేదని అందులో రాసుంది.

"జర సంతకం పెట్టక్కా. పైవాళ్లు అడుగుతున్నరు. ఉత్త కాగితమే."

"ఇయ్యనియి ఇచ్చినమని ఎట్ల రాస్తం తమ్ముడూ?"

"రేపో మాపో వస్తయక్కా. వచ్చినంక ఇచ్చుడే గద. నువ్వు నా సొంతక్క లెక్క. నీకు పని ఇప్పిచ్చిన్నాడు నేను గిన్ని ప్రశ్నలు అడిగిన్నా?"

ఉప్పు తిన్న విశ్వాసం చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. గిరిజ సంతకం పెట్టింది.

నాలుగో రోజున ఇబ్తిసాం దగ్గుతూ ఇంటికి వెళ్లింది. ఆ వారంలోనే అంబులెన్సు వచ్చింది. వెంటిలేటర్ మీద పందొమ్మిది రోజులు, మొత్తం ఆసుపత్రిలో నలభై ఒక్క రోజులు. సెక్షన్‌లో ఇంకో ముగ్గురు పడిపోయారు. గిరిజకు మాత్రం ఏమీ కాలేదు. అదే ఆమెను ఎక్కువ బాధించింది.

జూన్‌లో రూల్స్ కాస్త సడలాక, పళ్లు, చారు డబ్బా పట్టుకుని చూడ్డానికి వెళ్లింది. ఇబ్తిసాం ఫ్లాట్ మూడో అంతస్తులో ఉంటుంది, లిఫ్టు లేదు. గిరిజ వెళ్లేసరికి ఆమె రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఊపిరి తీసుకుంటోంది. కిందికి వెళ్లి పాలు తెచ్చుకుని అరగంటయిందట, ఇంకా ఇంటికి చేరలేదు. గిరిజ ఆమె చంకలో చెయ్యి వేసి ఒక్కో మెట్టూ ఎక్కించింది.

లోపల కూర్చున్నాక ఇబ్తిసాం ఒక కవరు తీసింది. పనిలోంచి తీసేస్తూ కంపెనీ రాసిన ఉత్తరం. ఇచ్చిన గ్లవ్స్ వేసుకోకుండా నిర్లక్ష్యం చేసిందని, జబ్బు బయటనుంచి తెచ్చి తోటివాళ్లకు అంటించిందని అందులో ఉంది. రుజువుగా వెనక ఒక కాగితం నకలు జతచేశారు. కింద గుండ్రటి తెలుగు అక్షరాలలో గిరిజ సంతకం.

"ఇది నీ చేతి రాతేనా?" ఇబ్తిసాం అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

గిరిజ తల ఊపింది.

"సరే" అంది ఇబ్తిసాం. కాసేపు ఊపిరి కూడదీసుకుని, "టీ తాగి వెళ్లు" అంది.

ఆమె తిట్టి ఉంటే గిరిజ ఏడ్చి తేలికపడేదేమో. టీ కప్పు సగంలోనే వదిలి లేచింది. మెట్లు దిగుతూ సంతకం పెట్టిన చేతిని తిప్పి చూసుకుంది. తన చేతినే కత్తిగా చేసి ఈమె గొంతు మీద పెట్టించాడు వాడు. అక్కా అని పిలుస్తూ చేయించాడు. వాణ్ని వదలను అనుకుంది.

ఆ రాత్రి వాట్సాప్‌లో ఏప్రిల్ నాటి ఫోటోలు వెనక్కి తిప్పుతూ ఉంటే తెలుగు సంఘం గ్రూపులో ఒకటి కనబడింది. హారోలో భానుప్రకాష్ పెద్దవాళ్లకు ఉచితంగా మాస్కులు, గ్లవ్స్ పంచుతున్నాడు. 'మన భాను అన్న సేవ' అని కింద రాశారు, దండాలు పెట్టారు. అతని కాళ్ల దగ్గర అట్టపెట్టె ఉంది. పెట్టె మీద లాండ్రీ స్టిక్కరు, దాని మీద గిరిజ సెక్షన్ నంబరు.

హాసిని ఫోటోను పెద్దది చేసి చూసింది. "మమ్, దట్స్ యువర్ స్టఫ్. హీ నిక్డ్ ఇట్, కొట్టేసిండు!"

"గట్లనే ఉండనియ్ బిడ్డా. ఎవ్వరికి చెప్పకు. వాడు ఇంకా పైకెక్కాలె."

"వై?"

"పైనుంచి పడితేనే దెబ్బ తగుల్తది."

అప్పటినుంచి గిరిజ పనిలో ఇంతకుముందు కంటే నెమ్మదిగా, ఇంకా వినయంగా ఉంది. భానుప్రకాష్ టీలో చక్కెర ఎంతో గుర్తుపెట్టుకుంది. 'తమ్ముడూ' అన్నప్పుడల్లా నాలుక మీద ఆ మాటను కొరికి ఉమ్మాలనిపించేది. ఇబ్తిసాం యూనియన్ ద్వారా కేసు వేసిందని తెలిసి అతను నవ్వాడు. "నీ కాగితం ఉన్నదిగదక్కా, మనకేం రంది" అన్నాడు. గిరిజ కూడా నవ్వింది. ఆ సాయంత్రమే గ్లవ్స్ రాలేదని తాను పంపిన పాత మెయిళ్లు, సంచులు విప్పినవాళ్ల పేర్లున్న రోటాలు, ఆ ఫోటో అన్నీ కట్టగట్టి, హాసిని చేత ఉత్తరం రాయించి, ఆరోగ్య భద్రత చూసే ప్రభుత్వ ఆఫీసుకు పంపింది.

అక్టోబరులో ఒక ఉదయం ఇన్‌స్పెక్టర్ వచ్చింది. నెరిసిన పొట్టి జుట్టు ఆవిడ, మాట తక్కువ. భానుప్రకాష్ కొత్త గ్లవ్స్ పెట్టెలు వరసగా పేర్పించాడు. ఎర్ర సంచులు ఇక్కడ ఎన్నడూ విప్పలేదన్నాడు. ఆవిడ రోటా తీసి అడిగేసరికి మాట మార్చి, ఒకటో రెండో విప్పి ఉంటారు, అయినా వాటితో పెద్ద ప్రమాదమేమీ లేదు అన్నాడు.

గిరిజ అప్పుడే లారీ దిగిన ఎర్ర సంచి ఒకటి రెండు చేతులా ఎత్తి తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది. చేతులకు గ్లవ్స్ ఉన్నాయి, ముఖానికి మాస్కు ఉంది.

"ప్రమాదం లేదంటున్నవు గద. ఇప్పు" అంది తెలుగులో. ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగి అదే మాట ఇంగ్లీషులో చెప్పింది. "మార్చిలో ఇబ్తిసాంకు ఏం చెప్పాడో అదే చెయ్యమనండి. గ్లవ్స్ తీసేసి చెయ్యి లోపల పెట్టమనండి. దుప్పట్లేగా, బాంబులు కావుగా."

భానుప్రకాష్ రెండడుగులు వెనక్కి వేశాడు. నడుము ట్రాలీకి తగిలి పడబోయి, ఒక చేత్తో దాన్ని పట్టుకుని, ఇంకో చేత్తో మాస్కు ముక్కు మీదికి గట్టిగా నొక్కుకున్నాడు. సెక్షన్ అంతా పని ఆపి చూస్తోంది. ఇన్‌స్పెక్టర్ సంచిని పక్కకు జరిపించి, పుస్తకంలో ఏదో రాసుకుంది.

"ఇంకొకటి రాసుకోండి" అంది గిరిజ. "గ్లవ్స్ ఇచ్చామన్న కాగితం మీద సంతకం నాది. అది అబద్ధం. పెట్టమన్నది ఇతను. పెట్టింది నేను."

వారం తిరక్కుండా భానుప్రకాష్ గిరిజ ఇంటికి వచ్చాడు. గుమ్మం ముందు స్వీట్ల డబ్బాతో నిలబడ్డాడు. ఆమె లోపలికి రమ్మనలేదు.

"అక్కా, పెట్టె సంగతి పొక్కి సంఘంల ఇజ్జత్ పోయింది. పిల్లల మొహం చూస్తలేను. మాట వాపస్ తీసుకో, నీ కాళ్లు మొక్కుత."

"నా కాళ్లెందుకు? ఇబ్తిసాం ఇంటికి పోయినవా?"

అతను తల దించుకున్నాడు. "ఆమెకేం చెప్పాలక్కా, ఆమె మనామె కాదుగద..."

అప్పటిదాకా ఏ మూలో కాస్త జాలి మిగిలి ఉందేమో, అది కూడా అక్కడితో చచ్చింది. "మూడో అంతస్తుల ఉంటది. లిఫ్ట్ లేదు. ఆమె ఎక్కినట్టు ఎక్కు, మెట్టుకోసారి ఊపిరి అందక కూసో. అప్పుడు మాట్లాడుదాం" అని తలుపు వేసింది. కిటికీ పరదా సందులోంచి అతను గేటు దాటేదాకా చూసింది. డబ్బా గోడ మీదే వదిలేసి పోయాడు. దాన్ని తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేసింది.

ఇబ్తిసాం కేసు విచారణకు వచ్చేసరికి 2022 అయింది. అది తేలేదాకా కంపెనీ భానుప్రకాష్‌నూ గిరిజనూ పనిలోంచి కదపలేదు. వాట్‌ఫర్డ్‌లోని కార్మిక కోర్టులో కంపెనీ లాయరు గిరిజను ఎదురుగా కూర్చోబెట్టి గంటసేపు పిండాడు. "అప్పుడు అబద్ధం రాశారు. ఇప్పుడు నిజం చెప్తున్నారని ఎలా నమ్మాలి?"

"అప్పుడు అబద్ధం చెప్తే నాకు ఉద్యోగం దక్కింది. ఇప్పుడు నిజం చెప్తే పోతుంది. ఏది నమ్మాలో మీరే చూసుకోండి" అంది గిరిజ.

అన్నట్టే పోయింది. తప్పుడు కాగితం మీద సంతకం పెట్టినందుకు ఆమెను తీసేశారు. పోవలసిందే అనుకుంది. భానుప్రకాష్‌నూ గెంటేశారు. ఇబ్తిసాంను తీసెయ్యడం అన్యాయమని తీర్పు వచ్చింది. పరిహారం దగ్గర కంపెనీ రాజీకి దిగినప్పుడు ఇబ్తిసాం మొదట అడిగింది ఒక కాగితం. రక్షణ లేని పని వద్దనే హక్కు ప్రతి కార్మికుడికీ ఉందని, ఆ మాట అన్నందుకు ఎవరినీ తీసెయ్యరాదని ఆరు భాషల్లో రాసి గోడకు అంటించాలంది. అరబ్బీ పైన ఉండాలంది. దాన్ని ఫోటో తీసి నిదాల్‌కు పంపింది. అతను కట్టడంలో తోటివాళ్లకు చదివి వినిపించాడట. అందరూ ముందు నవ్వారట, ఆ తర్వాత ఇంకోసారి చదవమన్నారట. మర్నాడు నలుగురు కలిసి కాంట్రాక్టరు దగ్గరికి మాస్కులు అడగడానికి వెళ్లారు. దొరకలేదు, కానీ వెళ్లారు.

"ఇప్పుడు నీ మనసు చల్లబడిందా?" అని ఇబ్తిసాం ఒకరోజు అడిగింది. ఊరి కౌన్సిల్ ఆమెకు కింది అంతస్తులో ఫ్లాట్ ఇచ్చింది. అయినా వంటగదికీ హాలుకూ మధ్య ఊపిరి కోసం ఒకసారి ఆగుతుంది.

"లేదు" అంది గిరిజ.

"నాకు వాడితో పనిలేదు. ఆ కాగితం గోడ మీదుంటే చాలు."

"నువ్వు మంచిదానివి. నేను కాదు."

గిరిజ ఇప్పుడు హారోలో ఒక బడి వంటగదిలో పనిచేస్తోంది, 140 బస్సులో పోయి వస్తుంది. ఈ మధ్య అదే బస్సులో భానుప్రకాష్ కనబడ్డాడు. కారు అమ్మేశాడని విన్నది నిజమే. ఆమె దిగవలసిన స్టాపు వచ్చింది, దిగలేదు. లేచి వెళ్లి సరిగ్గా అతని ఎదురు సీటులో కూర్చుంది. పలకరించలేదు, రెప్ప వెయ్యకుండా చూసింది. అతను ఫోన్ తీశాడు, పెట్టాడు, కిటికీలోంచి చూశాడు. చివరికి గంట నొక్కి, ఏ స్టాపో కూడా చూసుకోకుండా వర్షంలో దిగిపోయాడు.

గిరిజ తర్వాతి స్టాపులో దిగి ఇంటిదాకా వెనక్కి నడిచింది. ఆ పూట ఆమెకు అన్నం బాగా సహించింది.